పట్టుపోగు మింగిన కోడి

పశువుల ఆస్పత్రి ఉద్యోగంలో కొత్తగా చేరిన కుర్రాళ్ళు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. ఎద్దు కాలు బెణికితే ఏం చేయాలి, గేదె ఈనలేక బాధపడుతుంటే ఏం చేయాలి అని అడుగుతారు. నాకు తెలిసినంత చెప్తాను. ఆ తర్వాత, వాళ్ళు అడగకపోయినా, కోడి గురించి చెప్తాను. ధర్మవరంలో ఒక నేతగాళ్ళ ఇంట్లో పెళ్ళిచీర పోగును మింగి, మగ్గానికి కట్టేసినట్టు నిలబడిపోయిన చుక్కల పెట్ట గురించి! నా ఉద్యోగ జీవితంలో గుండె అంతగా ఎగిరిపడిన రోజు ఇంకొకటి లేదు. ఇప్పుడు రాస్తుంటే కూడా వేళ్ళు ఆత్రపడుతున్నాయి.

నేను కాంపౌండరును. ఎప్పుడు ఏ ఆర్డరు మీద ఏ ఊరికి మారానో ఇక్కడ రాయను, అది ఎవరికీ పనికిరాదు. ఆ పెట్టను బతికించడానికి కావలసిన విద్య సగం నాకు హిందూపురంలో గ్రంథాలయంలో దొరికింది, మిగతా సగం పెనుకొండలో ఆస్పత్రి వెనక ఖాళీ స్థలంలో దొరికింది. అందుకని ముందు ఆ రెండు ఊళ్ళ సంగతి చెప్పి, తర్వాత ధర్మవరం వస్తాను.

హిందూపురం: పంట కాని క్రాపు

పంతొమ్మిది వందల యాభైల్లో నేను హిందూపురంలో పనిలో చేరాను. అక్కడి డాక్టరు గారు ఎడ్ల వైద్యంలో గట్టివారు. నడకను చూసి ఏ గిట్టలో నొప్పి ఉందో చెప్పేవారు. కోడి అంటే మాత్రం ఆయనకు వైద్యం గుర్తుకు రాదు, భోజనం గుర్తుకు వస్తుంది. ఒకరోజు ఒకామె కొంగు చాటున కోడిని పెట్టుకుని వచ్చింది. డాక్టరు గారు దాన్ని చూసి, "దీనికి మందు మా కాడ ల్యామ్మా, మీ వంటింట్లో ఉండాది. అల్లం, ఎల్లిపాయ ఏసి నూరుకో, పో" అన్నారు. ఎడ్లతో వచ్చిన రైతులంతా నవ్వారు. ఆమె కూడా నవ్వింది. గేటు దాటాక మాత్రం ఆమె ముఖంలో నవ్వు లేదు. నేను మందు సీసాలు కడుగుతూ చూశాను.

డాక్టరు గారు చెడ్డవారు కాదు. అప్పట్లో అందరి లెక్కా అదే. ఎద్దు చస్తే సంసారం కూలుతుంది, కోడి చస్తే ఏముంది అనుకునేవారు. కానీ ఆ లెక్క తప్పు. ఇంట్లో ఎద్దు మగవాడిది, ఆవు ఇంటిది, కోడి మాత్రం ఆడమనిషి సొంతం. ఈ ముక్క ఏ పుస్తకంలోనూ లేదు, ఆ గేటు దగ్గర నేర్చుకున్నాను.

నాకు చదువు పెద్దగా లేదు. హైస్కూలు మధ్యలో ఆపేశాను. అయితే చదివే పిచ్చి ఉంది. సాయంత్రం ఆస్పత్రి తలుపులు వేయగానే గ్రంథాలయంలో ఉండేవాణ్ణి. అక్కడ అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది, అంతా కోళ్ళ గురించే. ఎవరూ ముట్టనిది! దాన్ని ఒక చేతిలో, నిఘంటువు ఒక చేతిలో పట్టుకుని వాక్యం వెంట వాక్యం పాకాను.

ఒకచోట ఇలా ఉంది: క్రాపు నిండిపోయి గట్టిపడితే కోడి మేత మానేస్తుంది. క్రాపు అంటే ఏమిటని నిఘంటువు తీశాను. పంట అని ఉంది. పంట నిండితే కోడి మేత మానడమేమిటి? బాగా ఆలోచించి, కోతల కాలంలో రాలిన గింజలు అతిగా తినడం వల్ల అని నాకు నేనే చెప్పుకున్నాను. మర్నాడు పరిగి నుంచి ఎద్దును తోలుకొచ్చిన ఒక రైతుకు ఆ జ్ఞానం కాస్తా పంచాను. "పంట బాగా వచ్చిన ఏడు కోళ్ళను కనిపెట్టుకో పెద్దాయనా, జబ్బు చేస్తుంది" అన్నాను.

ఆయన తలగుడ్డ సర్దుకుని, "ఏమబ్బా, మాకు పంట బాగా వచ్చిన ఏడు ఎప్పుడుండాది, కోళ్ళకు రోగం రానీకి?" అన్నాడు.

కొన్ని పేజీలు గడిచాక ఇంకో చిక్కు. క్రాపు మెడ కింద వేలాడుతుందట! పంట మెడ కింద వేలాడదు గదా. గ్రంథాలయం చూసుకునే ఆయన దగ్గరికి వెళ్ళి, "సార్, క్రాపు అంటే పంట కాకుండా ఇంకేమైనా ఉండాదా?" అని అడిగాను.

ఆయన తన బట్టతల నిమురుకుని, "ఉండాదప్పా, మంగలి కాడ. నాకైతే అది కూడా ల్యా" అన్నాడు.

కానీ మంచివాడు. బీరువా తాళం తీసి పెద్ద నిఘంటువు బయటికి తీశాడు. ఇద్దరం వంగి చూశాం. అక్కడుంది! పక్షులకు గొంతు కింద ఉండే సంచి, మింగిన గింజలు ముందుగా చేరే చోటు. క్రాపు అంటే మేత సంచి!

నేను పరుగున ఇంటికి వెళ్ళాను. మా అమ్మ పెంచే కోళ్ళు అప్పుడే గంప కిందికి చేరుతున్నాయి. ఒకదాన్ని పట్టుకుని రొమ్ముకు పైన, మెడ మొదట్లో తడిమాను. గింజలతో నిండిన మెత్తని మూట వేళ్ళకు తగిలింది. పుస్తకంలో రాసినట్టే ఉంది! తెల్లవారగానే మళ్ళీ తడిమాను. మూట లేదు, ఖాళీ. అదీ పుస్తకంలో రాసినట్టే. ఎక్కడో దూరదేశంలో ఎవరో రాసిన మాట మా పెరట్లో కోడి మెడలో దొరికింది. ఆ ఆనందం మీకు ఎలా చెప్పను! అప్పటి నుంచి నేను మనిషిని పలకరించే ముందు అతని కోడి మెడ తడిమేవాణ్ణి.

"ఏమప్పా, కోళ్ళకు క్రాపు చేస్తాండావంట?" అని డాక్టరు గారు అందరి ముందూ అడిగారు. ఆ రోజు నుంచి నా పేరు క్రాపు కాంపౌండరు. నేను ఏ ఊరికి బదిలీ అయినా ఆ పేరు నాకంటే ముందు బస్సు దిగేది.

పెనుకొండ: నీళ్ళ పరీక్ష

పెనుకొండలో డాక్టరు గారు మాట తక్కువ మనిషి. నేను వెళ్ళిన కొత్తలోనే అక్కడ కోళ్ళకు కొక్కెర తెగులు వచ్చింది. మెడలు తిరిగిపోయి, రెక్కలు వాల్చి, ఇళ్ళకు ఇళ్ళు ఖాళీ అయ్యాయి. నేను పుస్తకంలో చదివిన మందులన్నీ ఏకరువు పెట్టాను. ఆయన విని, "వచ్చినాక దీనికి మందు లేదు. రాకముందు టీకా వేయడమే. చచ్చినవాటిని సున్నం వేసి లోతుగా పాతిపెట్టించు. చేతులు కడుక్కోకుండా ఇంకో ఇంట్లో కోడిని ముట్టుకున్నావంటే ఆ రోగాన్ని మోసేది నువ్వే" అన్నారు. పుస్తకం చదివినవాడికి అన్నింటికీ మందు ఉందనిపిస్తుంది. లేదని చెప్పగల పెద్దవాడు ఒకడు పక్కన ఉండాలి.

తెగులు తగ్గాక ఒకనాడు బండి చక్రం కింద పడి చచ్చిన కోడిని ఎవరో ఆస్పత్రి దగ్గర పడేసి పోయారు. ఆయన నన్ను పిలిచి, "క్రాపు క్రాపు అంటావు గదా. కోసి చూసినావా ఎప్పుడైనా?" అన్నారు. లేదన్నాను. "అయితే నువ్వు చదివింది సగమే" అని కత్తి చేతికిచ్చారు.

ఆస్పత్రి వెనక బండ మీద పెట్టి కోశాను. పైన తోలు, కాగితమంత పలచన. దాని కింద విడిగా సంచి. సంచిని చీల్చి, గింజలు తీసి, తోలునూ సంచినీ కలిపి ఒకే కుట్టుగా బిగించి, ఎంత బాగా కుట్టానో అని మురిసిపోయాను. ఆయన పిచికారీతో కోడి నోట్లో నీళ్ళు పోశారు. నా కుట్టులోంచి నీళ్ళు ధారగా కారాయి.

"లోపలిది లోపల, పైది పైన" అన్నారాయన. అంతే మాట్లాడి వెళ్ళిపోయారు.

ముందు సంచికి ఒక వరస, దాని పైన తోలుకు ఇంకో వరస. వినడానికి సులువు. సంచి గోడ జారుతుంది, ముడి వదులైతే కారుతుంది, బిగిస్తే చిరుగుతుంది. కుక్క కరిచినవి, బండి కింద పడినవి, ఏ కోడి దొరికినా తీసుకొచ్చి కుట్టాను. నీళ్ళు కారని రోజున నేను బండ పక్కన చిన్నపిల్లాడిలా గంతులు వేశాను. డాక్టరు గారు కిటికీలోంచి చూసి తలుపు వేసుకున్నారు. ఆయన నవ్వడం నేను ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు తలుపు వెనక నవ్వి ఉంటారని నా నమ్మకం.

ధర్మవరం: మగ్గానికి కట్టినట్టున్న పెట్ట

అరవైల్లో ధర్మవరం వచ్చాను. అక్కడి డాక్టరు శేషాద్రి గారు భారీ మనిషి, చేతులు చేటలంత. నన్ను చూడగానే, "క్రాపు కాంపౌండరు నువ్వేనా? అయితే నాకు కోళ్ళ సంగతి నేర్పాల్సింది నువ్వే. నాకు కోడి కాలేజీలో బొమ్మగా తెలుసు, పళ్ళెంలో కూరగా తెలుసు. మధ్యలో దాని బతుకేమిటో తెలియదు" అన్నారు. తెలియదని నోరారా చెప్పే అధికారిని నేను అప్పటిదాకా చూడలేదు.

ఒక ఉదయం ఆస్పత్రి తెరుస్తుండగానే ఒక పడుచు పరుగున వచ్చింది. పేరు గంగమ్మ. పరిగి నుంచి ధర్మవరం నేతగాళ్ళ ఇంటికి కోడలుగా వచ్చిందట. ఆయాసంతో, "కోడికి బాగల్యా సార్, రాండి" అంది.

"కోడిని తీసుకొని రాకపోతివా?" అన్నాను.

"ఎట్ల తెచ్చేది సార్? అది మగ్గానికి ఉండాది."

"మగ్గానికి కట్టేసినారా?"

"ఎవురూ కట్టెయ్యల్యా. పోగు మింగింది! ఒగ కొస మగ్గంలో ఉండాది, ఒగ కొస దాని కడుపులో ఉండాది. మా అత్త మసాలా నూరతాండాది సార్, బిరీన రాండి!"

శేషాద్రి గారు సంచి అందుకున్నారు. దారి పొడుగునా గంగమ్మ చెబుతూనే ఉంది. ఆ పెట్ట ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్న కోడి. అప్పుడే గుడ్లలోంచి పిల్లలు దిగి ఉన్నాయి. తల్లి పోతే చలికి పిల్లలు మిగలవు. ఆ ఇంట్లో తనది అని చెప్పుకోవడానికి ఆమెకు ఉన్నది ఆ పెట్ట, దాని పిల్లలు.

ఇంట్లో అడుగు పెట్టగానే నా కళ్ళను నేనే నమ్మలేదు. మగ్గం గుంట పక్కన, నిలువుగా చాచిన పడుగు పోగుల కింద, చుక్కల పెట్ట నోరు తెరుచుకుని నిలబడి ఉంది. పడుగులోంచి పసుప్పచ్చ పట్టుపోగు ఒకటి వాలి నేరుగా దాని నోట్లోకి పోతోంది. పిల్లలు దాని కాళ్ళ మధ్య కీచుమంటూ తిరుగుతున్నాయి. గంగమ్మ మొగుడు ఓబులేసు నేల మీద గొంతుక్కూర్చుని, రెండు వేళ్ళతో పోగును సుతారంగా లాగుతున్నాడు. లాగినప్పుడల్లా కోడి మెడ సాగుతోంది. ముక్కు అంచున రక్తం.

సంగతి ఇది. పొద్దున పడుగులో ఒక పోగు తెగింది. వచ్చి అతుకుదామని ఓబులేసు సద్ది తాగడానికి లేచాడు. వేలాడుతున్న కొసను పురుగనుకుందో ఏమో, పెట్ట మింగడం మొదలుపెట్టింది. వదులైన కొద్దీ మింగింది.

ఇంకెవరైనా అయితే పోగును తుంచి కోడిని విడిపించేవారు. నేతగాళ్ళ వేళ్ళకు పట్టుపోగు తుంచడం రాదు. లాగి, నిమిరి, కాపాడుకోవడమే వచ్చు. అదే ఆ కోడి ప్రాణం తీస్తోంది.

మూలన అత్త లింగమ్మ రోటి ముందు కూర్చుని ఉంది. ధనియాలు, వెల్లుల్లి వాసన ఇల్లంతా కమ్మేసింది.

"పోగు తెంపమ్మా ముందు" అన్నారు శేషాద్రి గారు.

"తెంపేది ల్యా సార్" అంది లింగమ్మ, చెయ్యి ఆపకుండా. "పెండ్లి చీర అది. మా ఇంట్లో ఒగ పోగుకు ఒగే అతుకు. మా మామ కాలం నుంచీ ఇంతే. పొద్దున తెగినదానికి ఒగటి ఎట్లాగూ పడతాది. ఈడ తెంపి ముక్క కలిపితే రెండు. రెండు అతుకులు పడితే అది మా ఇంటి చీర కాదు."

"మరి కోడి?"

"కోడిని కోస్తే పోగు పోగుమాదిరే వస్తాది. కూరా అయితాది. చచ్చినాక కోస్తే ఎవురు తింటారు?"

ఆమె మాటలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. అంత లెక్కగా ఉంది!

శేషాద్రి గారు కింద కూర్చుని, ఓబులేసు వేళ్ళు పట్టి ఆపారు. కోడి ముక్కు విప్పి, నాలుకను వేలితో పైకెత్తారు. "ఇట్రా, చూడు!" అన్నారు నాతో. పోగు లోపలికి పోయే ముందు నాలుక మొదట్లో చుట్టుకుని ఉంది. లాగినప్పుడల్లా రంపంలా కోస్తోంది. ఇది నా పుస్తకంలో లేదు. ఆయన కుక్కల్లో, పిల్లుల్లో చూశారట. గుర్తుపెట్టుకోండి, దారం మింగిన ఏ ప్రాణినైనా ముందు నాలుక కింద చూడాలి. ఎన్నడూ లాగకూడదు.

నేను మెడ తడిమాను. పచ్చి వెలగకాయంత గట్టి ముద్ద. ముక్కు దగ్గర వాసన చూశాను. పులిసిన గంజి వాసన.

"సార్, ఇది ఈ రోజుది కాదు. క్రాపు ఎప్పటి నుంచో మూసుకుపోయింది. పోగు తెంపినా బతకదు. కోసి తీయాల్సిందే."

"నువ్వు చేసినావా?"

"చచ్చినవాటికి చేసినాను సార్."

రోటి దగ్గర నుంచి నవ్వు వినిపించింది. "చచ్చినవాటికి చేసినాడంట! దీన్ని కూడా చంపుకొని చేస్తాడేమో!"

ఓబులేసు తల్లి వైపు చూశాడు. శేషాద్రి గారు కత్తెర పట్టుకుని ఆగారు. ఆ ఇంటి పోగు, ఆ ఇంటి మాట. మనం ఎలా తెంపుతాం?

అప్పుడు గంగమ్మ వంగింది. కోడి ముక్కుకు జానెడు దూరంలో పోగును పళ్ళ మధ్య పెట్టి పుటుక్కున కొరికింది.

రోలు ఆగిపోయింది.

"కొరికినావే!" అంది లింగమ్మ.

"కొరికినా అత్తా. అతుకులు నేనేస్తా. రెండూ నేనే ఏస్తా. కనపడితే అప్పుడు నన్నడుగు."

"కనపడిందో, నువ్వూ నీ కోడీ మల్లా పరిగి బస్సెక్కుతారు!"

"ఎక్కుతాంలే. ముందు దాన్ని బతకనీ."

రెండు కుట్లు

పెరట్లో వెలుతురు ఉంది. బల్ల తెచ్చి వేశాం. గంగమ్మ కోడి కాళ్ళు, రెక్కలు ఒడుపుగా పట్టుకుంది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు గోడ మీద నుంచి తొంగిచూస్తున్నారు. నేను మెడ మొదట్లో ఈకలు పీకడం మొదలుపెట్టాను.

"ఓయమ్మా, కోడికి క్రాపు చేస్తాండారు చూడండి!" అని గోడ మీద నుంచి ఒకామె అరిచింది.

నాకు నవ్వాగలేదు. శేషాద్రి గారూ పకపకా నవ్వారు. హిందూపురంలో నాకు పెట్టిన పేరు చివరికి ధర్మవరంలో నిజమైంది!

పని అంతటితో తేలిక కాలేదు. మా సంచిలోని సూదులు ఎద్దు తోలుకు చేసినవి, దారం తాడులా ఉంది. వాటితో కోడిని కుడితే గోనె మూట కుట్టినట్టే. "రంగెయ్యని సన్న పట్టుపోగు కావాలమ్మా, ఉడకబెట్టినది. బట్టలు కుట్టే సన్నసూది కూడా" అన్నాను. పెద్ద ఆస్పత్రుల్లో మనుషులకు పట్టుదారంతో కుడతారని గ్రంథాలయంలోనే చదివాను. ప్రపంచమంతా వెతికే పట్టు ఆ ఇంట్లో చేతికందే దూరంలో ఉంది!

ఓబులేసు ఒక పోగు తెచ్చాడు. లింగమ్మ రోటి దగ్గర నుంచే చూసింది. "అది పిప్పి రా, పట్టుకుంటే తెగుతాది" అని లేచి వచ్చి, తనే ఇంకొకటి ఏరి ఇచ్చింది. కోడి మీద దయతో కాదు. చెడ్డ పోగుతో కుడుతుంటే ఆమె చూసి ఓర్చుకోలేదు. సూదీ పోగూ మరిగే నీళ్ళలో వేశాం.

శేషాద్రి గారు మత్తుమందును బాగా పలచన చేసి తోలు కింద కొద్దిగా ఎక్కించారు. పక్షికి ఎక్కువైతే ప్రమాదం. తోలు కోసింది ఆయన. సంచి కోసింది ఆయన. అంత పెద్ద చేతిలో కత్తి ఈకలా కదిలింది. "తియ్యి. నీ వేళ్ళు సన్నం" అన్నారు.

నేను సన్న పటకారుతో పట్టి తీశాను. వస్తోంది, వస్తోంది, ఇంకా వస్తోంది! గింజలు, గడ్డి, వాటి చుట్టూ పట్టు. పసుపు ఒకటే కాదు. చిలకపచ్చ, వంగపండు రంగు, నెమలికంఠం, గులాబీ! రంగురంగుల పిచ్చుక గూడులా నా అరచేతిలో నిండింది. దాన్ని నీళ్ళ గిన్నెలో వేయగానే రంగులు విచ్చుకున్నాయి. శేషాద్రి గారు నాలుక కింద చుట్టును కత్తెరతో తుంచగానే గొంతులోని పోగు కూడా కింద నుంచి సులువుగా వచ్చేసింది.

లింగమ్మ గిన్నె మీదికి వంగింది. ఒక్కో పోగునూ వేలితో విడదీసింది.

"ఈ చిలకపచ్చ కదిరోళ్ళ పెండ్లిది" అంది. "ఈ వంగపండు ఉగాదికి ముందర నేసింది. ఓబులేసూ, ఈ గులాబీ చూడరా... కొసలన్నీ ఏమైతాండాయి, దాచి అతుకులకు పెట్టుకునే కొసలు ఏమైతాండాయి అని నేను ఈ పిల్లను తిడతాంటి గదరా. ఊడ్చి పారేస్తాండాదని!"

గంగమ్మ కోడి కాళ్ళు పట్టుకునే ఉంది. కళ్ళలో నీళ్ళు తిరిగితే భుజానికి తుడుచుకుంది.

"తిట్టినప్పుడు చెప్పకూడదా, నేను పారెయ్యల్యా అని?" అంది లింగమ్మ.

"చెప్పినా అత్తా. కోడి తింటాదేమో అంటే, కోడి పట్టు తింటాదా అని నువ్వే నగితివి."

నేను సంచికి కుట్టడం మొదలుపెట్టాను. బతికిన సంచి చచ్చినదానిలా కాదు, వెచ్చగా ఉంటుంది, కదులుతుంది! అయినా పెనుకొండ బండ నా వేళ్ళలో ఉంది. మొదటి వరస పూర్తయ్యాక సన్న రబ్బరు గొట్టంతో లోపలికి కాసిన్ని నీళ్ళు పంపాం. ఊపిరి బిగబట్టి చూశాం. ఒక్క చుక్క కారలేదు!

"అయిపాయనా?" అంది లింగమ్మ.

"ఇంకొకటి ఉండాది పెద్దమ్మా. ఇది లోపలి సంచికి. పైన తోలుకు ఇంకోటి వెయ్యల్ల."

"రెండా?"

"రెండు. ఒకటే వేస్తే నిలవదు."

లింగమ్మ నన్ను చూసింది, కోడలిని చూసింది. రోటి దగ్గరికి పోయింది. నూరిన మసాలా అంతా వంకాయల్లో పెట్టి గుత్తివంకాయ చేసింది. ఆ మధ్యాహ్నం మేం ఇద్దరం ఆ ఇంట్లోనే తిన్నాం. అంత రుచిగా ఉన్న వంకాయ నేను మళ్ళీ తినలేదు.

గంప కింద

కోసి కుట్టడం గొప్పగా కనిపిస్తుంది. కోడి బతికేది ఆ తర్వాతి సేవ వల్ల. వెచ్చని, గాలి కొట్టని చోట విడిగా పెట్టండి. గింజలు పెట్టకండి. పలచని రాగి అంబలి కొద్దికొద్దిగా, దానంతట అది తాగేలా ముందు పెట్టండి. బలవంతంగా గొంతులో పోయకండి. నాలుక వెనకే ఊపిరి గొట్టం నోరు ఉంది, అందులో పడితే మీ మందే చంపుతుంది. నూనెలు పోసి చంపిన కోళ్ళు నేను చూసినన్ని ఎవరూ చూసి ఉండరు. ప్రతి ఉదయం క్రాపు తడమండి. ఖాళీగా ఉంటే సంతోషించండి. ఇన్ని చెప్పినా కొన్ని చస్తాయి. అప్పుడు సిగ్గుపడకుండా ఇంటావిడకు మీరే చెప్పండి.

గంగమ్మ ఇదంతా తు.చ. తప్పకుండా చేసింది. పెట్టను, పిల్లలను ఒకే గంప కింద పెట్టింది. మర్నాడు వెళ్తే పెట్ట కళ్ళు మూసుకుని ముడుచుకుని ఉంది. అంబలి ముట్టలేదు. లింగమ్మ గడప దగ్గర నిలబడి, "ఏం సారూ, మల్లా నూరమంటావా?" అంది. కానీ ఆ మాటలో ముందటి ఊపు లేదు.

ఆ మరుసటి రోజు సందు మలుపులోనే నాకు వినిపించింది. కొక్, కొక్, కొక్! పెట్ట మేత చూసి పిల్లలను పిలిచే గొంతు అది! పరుగున వెళ్ళాను. గంప ఎత్తి చూస్తే, చుక్కల పెట్ట అంబలిలోని చిన్న ముద్దను ముక్కుతో తీసి కింద వదిలి పిల్లలను పిలుస్తోంది. తను తినకముందే పిల్లలకు! నేను గంప పట్టుకునే గంతు వేశాను. పిల్లలు బెదిరి నలుదిక్కులా పారాయి. "కోడిని బతికించి పిల్లలను చంపుతాడేమో ఈ మనిషి!" అని లింగమ్మ అరుస్తూ, ముందుగా తనే వంగి వాటిని కొంగులోకి ఏరుకుంది.

గాయం మానాక తోలు కుట్లు తీయడానికి వెళ్ళాను. పెట్ట ఎండలో మట్టి ఎగజిమ్ముకుంటోంది. పీకిన చోట కొత్త ఈకలు మొలిచాయి. మగ్గం పక్కన గోడకు చిన్న బుట్ట వేలాడుతోంది, తెగిన కొసలు వేయడానికి. కోడికి అందనంత ఎత్తులో.

మగ్గం దిగిన పసుప్పచ్చ పెళ్ళిచీర లింగమ్మ ఒళ్ళో ఉంది. కళ్ళు మూసుకుని, చీర వెడల్పునా బొటనవేలు జరుపుతూ పోతోంది. కొంగు దాకా వెళ్ళి మళ్ళీ మొదలుకు వచ్చింది. గంగమ్మ రాట్నం ముందు కూర్చుని తల ఎత్తకుండా కండెలు చుడుతోంది. పరిగి బస్సు మాట ఆ ఇంట్లో ఎవరూ మరిచిపోలేదు.

ఉండబట్టలేక అడిగేశాను. "రెండో అతుకు దొరికిందా పెద్దమ్మా?"

లింగమ్మ చీర మడత పెట్టింది. మడత మీద మడత వేసి, పైన చెయ్యి పెట్టి నొక్కింది.

"అది యాడుండాదో ఇద్దరికే తెల్సు సారూ" అంది. "ఒగటి ఆ రాట్నం కాడుండాది, ఒగటి ఆ ఎండలో పొర్లాడతాండాది. అడిగి అడిగి నాకు నోరు నొచ్చింది. రెండిట్లో ఒగటీ నోరిప్పదు!"

రాట్నం తిరగడం ఆగింది. గంగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.